పావు తిప్పు

పంపుహౌస్ వెనక వీధి,
మంగళవారం

అమ్మాయికి,

నా రాత కోడి కెలికినట్టు ఉంటుందని ముందే చెప్తున్నా. ఐదో తరగతి దగ్గర ఆగిన చదువు. వత్తులూ దీర్ఘాలూ వాటి ఇష్టం వచ్చిన చోట పడతాయి. తప్పులు దిద్దుకుని చదువుకో, ఏమీ అనుకోకు.

నిన్న పక్కింటామె ఫోను తెచ్చి నా చెవికి ఆనించింది. తుమ్మెద రొద తప్ప ఏమీ తెలియలేదు. నలభై ఏళ్ళు మోటార్ల పక్కన కూర్చున్న చెవులు. అందుకని కాగితం పట్టుకున్నా.

బాబు తొమ్మిది వందల గ్రాములని ఆమె వేళ్ళతో చూపించింది. మన ఇంట్లో గ్రీజు డబ్బా ఒకటుంది, కిలోది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశా. ఇంతకన్నా తక్కువా అనుకున్నా.

ఆరున్నర నెలలకే వచ్చేశాడు. ఏం తొందరో. అల్లుడు లారీ లోడు దించి ఎప్పుడొస్తాడు? నువ్వు వేళకి తింటున్నావా? మీ అమ్మ ఉంటే నీ పక్కన ఉండేది. నేను వస్తే ఏం చెయ్యాలో తెలియదు. రమ్మంటే వస్తా.

నాన్న


ఆసుపత్రి, మూడో అంతస్తు, తల్లుల గది
తొమ్మిదో రోజు

నాన్నకి,

నీ ఉత్తరం చదివి నవ్వాను. ఇక్కడికొచ్చాక నవ్వడం అదే మొదలు. గ్రీజు డబ్బా ఏంటి నాన్నా!

నేను తేదీలు మర్చిపోయాను. వాడు పుట్టిన రోజు నుంచి లెక్కపెడుతున్నాను. గాజుపెట్టెలో ఉన్నాడు. నోట్లో గొట్టం, దాని వెనక ఊపిరి పోసే యంత్రం. ముట్టుకోవాలంటే పెట్టెకున్న కన్నంలోంచి చెయ్యి పెట్టాలి. బీపీ పట్టీ నా బొటనవేలికి సరిపోతుంది. దాన్ని వాడి చేతికి చుడతారు, అప్పుడు కూడా వదులే.

పుట్టగానే మూసుకోవాల్సిన నాళం ఒకటి గుండె దగ్గర తెరుచుకునే ఉందట. అందువల్ల రక్తం ఊపిరితిత్తుల్లోకి వరదలా పోతోంది. మందు ఇచ్చి మూస్తున్నారు. ఇక్కడ ఒక పెద్ద సిస్టరమ్మ ఉంది, నోరు ఊరుకోదు. మొదటిరోజే మావాడికి చిటికెడు అని పేరు పెట్టేసింది. "ఏడవకమ్మా, చిటికెడు వేస్తేనే కదా కూరకి రుచి" అంటుంది.

నువ్వు రావద్దు నాన్నా. లోపలికి తల్లిని తప్ప రానివ్వరు. ఉత్తరం రాయి.

నీ కూతురు


పంపుహౌస్ వెనక వీధి,
ఆదివారం

అమ్మాయికి,

నాళం సంగతి నాకు అర్థమైంది. మా దగ్గర నాన్‌రిటర్న్ వాల్వు అని ఉంటుంది. అది సరిగ్గా మూసుకోకపోతే ఎక్కిన నీళ్ళు వెనక్కి వస్తాయి, పంపు రోజంతా తిరిగినా ట్యాంకు నిండదు. బాబుది మూసుకుంటుందిలే. మాది ఇనుము, వాడిది పచ్చి ఒళ్ళు. పచ్చిది త్వరగా అతుక్కుంటుంది.

నువ్వు కుట్టే మిషను మీద దుమ్ము పడుతోందని గుడ్డ కప్పా. నువ్వు పనిచేసే కుట్టు వర్క్‌షాపు నుంచి ఒకామె వచ్చి నీ గురించి అడిగింది. ఏం అడిగిందో పూర్తిగా తెలియదు. తలూపా.

చిటికెడు పేరు బాగుంది. తర్వాత పిడికెడు అవ్వాలి, చారెడు అవ్వాలి, దోసెడు అవ్వాలి. తొందర లేదు.

నాన్న


ఆసుపత్రి, తల్లుల గది
డెబ్భై ఆరో రోజు

నాన్నకి,

రెండు నెలలు రాయలేదని కోప్పడకు. రాయడానికి మంచి మాట ఒక్కటైనా దొరికాక రాద్దామనుకున్నాను. దొరికింది: గొట్టం తీసేశారు. ముక్కు దగ్గర సన్న గొట్టంతో ఆక్సిజన్ గాలి మాత్రం పెడుతున్నారు. రెండు కిలోలు దాటాడు. సిస్టరమ్మ పిడికెడుకి ప్రమోషన్ ఇచ్చింది. నాళం కూడా మూసుకుంది, నువ్వన్నట్టే.

మిగతాది కూడా రాస్తాను. అన్ని వారాలు యంత్రం ఊపిరి పోసింది కదా, ఊపిరితిత్తులు గట్టిపడ్డాయట. చాలా కాలం ఉండే జబ్బట. లోపలి రక్తనాళాలు బిగుసుకుని అక్కడ ఒత్తిడి పెరిగింది. గుండె కుడిగది ఆ ఒత్తిడికి ఎదురు తోసి తోసి అలిసిపోతోంది. అది కాక ఒంటి బీపీ కూడా ఎక్కువే. రెండూ వేరు వేరట. నాళాలు వదులవడానికి ఒక మందు, బీపీకి ఒకటి, ఒంట్లో నీరు తీయడానికి ఒకటి. అన్నీ సూదిలేని సిరంజితో చుక్కల లెక్కన నోట్లో వెయ్యాలి.

వారానికోసారి గుండెకి స్కాను తీస్తారు. ఆ తెర మీద ఎర్రగా నీలంగా ఏవో కదులుతాయి. నేను తెర చూడను, డాక్టరమ్మ కనుబొమలు చూస్తాను.

నీ కూతురు


పంపుహౌస్ వెనక వీధి,
శుక్రవారం

అమ్మాయికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా. కాగితం మీద బొమ్మ వేసుకుని చూశా.

ముందున్న పైపు సన్నమైతే పంపు మీద బరువు పడుతుంది. గేజీ ముల్లు ఎర్రగీత దాటుతుంది. అప్పుడు మేం చేసే పని ఒకటే. లోపలికి వచ్చే వాల్వు పావు తిప్పు మూస్తాం. వచ్చేది తగ్గితే తోసేది తగ్గుతుంది, పంపు తేలికపడుతుంది. మోటారు కాలిపోకుండా నలభై ఏళ్ళు అలాగే కాపాడా.

బాబుకి పెట్టే గాలి కాస్త తగ్గిస్తే గుండెకి తేలిక అవుతుందేమో. పెద్ద చదువులు చదివినవాళ్ళు, వాళ్ళకి తెలియదని కాదు. ఒకసారి డాక్టరమ్మని అడుగు. నా పేరు చెప్పకు.

నాన్న


ఆసుపత్రి, తల్లుల గది
నూట పద్దెనిమిదో రోజు

నాన్నకి,

ఇంటికి పంపుతున్నారు! గాలితోనే పంపుతారు. గాలి తయారుచేసే పెట్టె ఒకటి ఇస్తారు, కరెంటుతో నడుస్తుంది. కాలికి కట్టే క్లిప్పు, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకె చూపించే మిషను, చిన్న బీపీ మిషను అన్నీ ఇస్తారు.

నీ పంపు ప్రశ్నకి ఇక్కడ అందరూ నవ్వారు. "మీ నాన్నని పంపించమ్మా, మా వార్డులో ఉద్యోగం ఇస్తాం" అంది సిస్టరమ్మ. నువ్వు గేజీలు చూసిన మనిషివి, నీ దగ్గరుంటే నాకు ధైర్యమే. వర్క్‌షాపులో ఇంక సెలవు ఇవ్వం అన్నారు. ఎనిమిదింటికి వెళ్ళి అయిదింటికి వచ్చేస్తాను. ఆయన లారీ పదిరోజులకోసారి గానీ రాదు. మధ్యలో నువ్వే.

శనివారం వస్తున్నాం. కిటికీ గది కడిగించు. అగరొత్తులు, దోమల చుట్టలు ఇంట్లో ఉంటే పారెయ్యి.

నీ కూతురు


మన ఇల్లు, అలమార తలుపుకి అంటించిన చీటీ

నాన్నా, గట్టిగా అరిస్తే వాడు ఉలిక్కిపడుతున్నాడు. అందుకని మనిద్దరికీ ఇంట్లో కూడా ఉత్తరాలే.

పదింటికి, రెండింటికి మందులు. సిరంజిలకి రంగు దారాలు కట్టాను. గాలిపెట్టె గొట్టంలో చిన్న గుండు తేలుతుంటుంది, అది అర గీత మీదే ఉండాలి. కాలి క్లిప్పు అంకె తొంభై రెండుకి తగ్గకూడదు. తగ్గితే మిషను మోగుతుంది. మోగితే వెంటనే పక్కింటామెతో నాకు ఫోను చేయించు.

నిన్న మోగించి చూపించాను కదా, వినపడిందా? నిజం రాయి.


అదే చీటీ వెనక

వినపడింది.
నాన్న


ఆసుపత్రి, మూడో అంతస్తు
నూట డెబ్భై ఒకటో రోజు

నాన్నకి,

వాడికి ఆయాసం పెరిగి తెచ్చినప్పుడు అంబులెన్సులో నువ్వు ఎక్కకపోవడమే మంచిదైంది. ఒకరికే చోటు.

మళ్ళీ పెట్టె పక్కనే కూర్చున్నాను. పెట్టె కాదులే, ఇప్పుడు మంచం. వాడు పెద్దవాడయ్యాడుగా. స్కాను తీశారు. డాక్టరమ్మ కనుబొమలు దగ్గరికొచ్చాయి. కుడిగది ఉబ్బిందట. ఒత్తిడి ఇంటికి వెళ్ళేముందు కన్నా ఎక్కువైందట. "మందులు వేళకి పడ్డాయా?" అంటారు, పడ్డాయి. "గాలి అర గీత మీదే ఉందా?" అంటారు, ఉంది. రోజూ సాయంత్రం నేను చూసిన అంకెలు తొంభై మూడు, తొంభై నాలుగు. "మరి ఎందుకు పెరిగింది?" అని వాళ్ళలో వాళ్ళే అనుకుంటున్నారు.

నాకేం పాలుపోవడం లేదు నాన్నా. వాడు నన్ను చూసి నవ్వుతాడు, ఆయాసంతో నవ్వు సగంలో ఆపేస్తాడు.

నీ కూతురు


పంపుహౌస్ వెనక వీధి,
బుధవారం

అమ్మాయికి,

ఉత్తరం అందింది. ఇల్లు బోసిగా ఉంది. గాలిపెట్టె తుడిచి పెట్టా. నీ మిషనుకి నూనె వేశా.

పంపుహౌస్‌లో నా తర్వాత చేరిన కొత్త ఆపరేటరు వచ్చి కూర్చుని వెళ్ళాడు. నేనేం మాట్లాడలేదు. మామూలుగా కూడా మాట్లాడను కాబట్టి అతనికి తేడా తెలియలేదు.

డాక్టరమ్మ ఇంకేం అడిగింది? అన్నీ రాయి.

నాన్న


ఆసుపత్రి, మూడో అంతస్తు
నూట డెబ్భై ఎనిమిదో రోజు

నాన్నకి,

ఇంకేం అడిగిందో రాయమన్నావు. ఈరోజు సిస్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఇంట్లో గాలి ఎప్పుడైనా తగ్గిందా తల్లీ? కరెంటు పోయిందా? గొట్టం మడత పడిందా? గుర్తు చేసుకో" అంది. నాకు కోపం వచ్చింది. "మా నాన్న నలభై ఏళ్ళు గేజీ మీంచి కన్ను తీయని మనిషి. కాపలా నేనుంటే అడగండి, ఆయన ఉంటే అడక్కండి" అన్నాను. ఆమె నా భుజం తట్టి వార్డులోకి వెళ్ళిపోయింది.

కారణం దొరక్క, వచ్చే సోమవారం లోపలికి వెళ్ళి చూస్తామంటున్నారు. మత్తు ఇచ్చి, తొడ దగ్గర నరంలోంచి సన్న గొట్టం గుండెదాకా పంపి అక్కడే ఒత్తిడి కొలుస్తారు. ఇలాంటి ఊపిరితిత్తులకి మత్తు ఇవ్వడమే గండమట. దాచకుండా చెప్పారు. సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. ఇంకా పెట్టలేదు. ఆయన గురువారం లోడు దించి మన ఇంటి మీదుగా ఇక్కడికి వస్తారు. వచ్చాక పెడతాను.

నాన్నా, నువ్వైతే పెడతావా?

నీ కూతురు


పంపుహౌస్ వెనక వీధి,
గురువారం

అమ్మాయికి,

సంతకం పెట్టకు. ముందు ఇది చదువు.

పోస్టులో వేస్తే సోమవారంలోపు అందుతుందో లేదో. అల్లుడి చేతికి ఇస్తున్నా. లారీ ఇంటి ముందే ఉంది, అతను అన్నం తింటున్నాడు. అతనికి చెప్పలేదు.

గాలి తగ్గించింది నేను.

మీరు వచ్చిన రెండో వారం ఒకరోజు పొద్దున బీపీ మిషను నూట పద్దెనిమిది చూపించింది. నువ్వు గోడవైపు తిరిగి ఏడ్చి, మొహం కడుక్కుని పనికి వెళ్ళావు. నేను ఆ అంకె చూస్తూ కూర్చున్నా. ముల్లు ఎర్రగీత దాటినప్పుడు చెయ్యి ఊరుకోదు. గాలిపెట్టె మర పావు తిప్పు మూశా. గుండు అర గీత నుంచి పావు గీతకి దిగింది. మర్నాడు బీపీ నూట అయిదు. నా వల్లే తగ్గిందనుకున్నా. మందు వల్ల తగ్గి ఉంటుంది. అప్పుడు ఆ ఆలోచన రాలేదు.

అప్పట్నుంచి రోజూ నువ్వు వీధి మలుపు తిరగగానే పావు తిప్పు మూసేవాణ్ణి. నువ్వు వచ్చేముందు తెరిచేవాణ్ణి. నువ్వు సాయంత్రం చూసిన అంకెలు నిజమే. పగటి అంకెలు వేరు.

కాలి క్లిప్పు ఎనభై ఎనిమిది చూపించేది. ఒక్కోసారి ఎనభై అయిదు. నువ్వు తొంభై రెండు అని రాసిన చీటీ నా ఎదురుగానే ఉంది. వచ్చేది తగ్గిస్తే పోయేది కాస్త తగ్గుతుంది, అది మామూలే అనుకున్నా. మా గేజీల్లో నాలుగైదు అంకెల తేడా ఎవడూ పట్టించుకోడు. ఒంటి బీపీ వేరు, లోపలి ఒత్తిడి వేరు అని నువ్వు రాశావు. నేను రెండూ కలిపేశా.

ఇంకోటి. మోత నాకు వినపడదు. ఆరోజు నువ్వు మోగించినప్పుడు ఎర్రలైటు వెలగడం చూసి తలూపా. వినపడదంటే బాబుని నా దగ్గర వదలవని భయపడ్డా. బాబు కళ్ళకి వెలుతురు పడుతోందని లైటు మీద నేనే గుడ్డముక్క కప్పా. పక్కింటామె ఒకరోజు కిటికీ దగ్గరికొచ్చి వేళ్ళు ముక్కులా ఆడించి, మీ ఇంట్లో ఏదో పిట్ట రోజంతా అరుస్తోందని సైగ చేసింది. నేను నవ్వి తలూపా. అది పిట్ట కాదమ్మా.

దీంతో ఒక నోటుపుస్తకం పంపుతున్నా. పంపుహౌస్‌లో మాకు మొదటి రోజు నేర్పిన పాఠం ఒకటే. వాల్వు ముట్టుకుంటే పుస్తకంలో రాయాలి. తప్పు చేసినా సరే, పుస్తకంలో అబద్ధం రాయకూడదు. అలవాటు పోలేదు. నీకు చెప్పలేదు గానీ ముప్ఫై మూడు రోజులూ ఎన్నింటికి మూశానో, ఎన్నింటికి తెరిచానో, గంట గంటకీ అంకె ఎంతో అందులో ఉంది. నీ ముందు ఆడిన అబద్ధం అందులో లేదు.

డాక్టరమ్మకి పుస్తకం చూపించు. సోమవారం గొట్టం పెట్టకముందే చూపించు. మా నాన్న చేశాడని చెప్పు. ఈసారి నా పేరు చెప్పు.

అల్లుడు చెయ్యి కడుక్కుంటున్నాడు. ఉంటా.

నాన్న


ఆసుపత్రి, మూడో అంతస్తు
నూట ఎనభై ఆరో రోజు

నాన్నగారికి,

పుస్తకం డాక్టరమ్మకి ఇచ్చాను. కిటికీ దగ్గర నిలబడి మొత్తం చదివారు. మధ్యలో ఇద్దరు డాక్టర్లని పిలిచి చూపించారు. సోమవారం గొట్టం వాయిదా వేశారు. గాలి తగ్గితే ఆ నాళాలు ఇంకా బిగుసుకుంటాయట. మీ పైపులకి పూర్తిగా ఎదురు. అక్కడ గాలే మందు. ఇప్పుడు తొంభై నాలుగుకి తగ్గకుండా పెట్టి, మూడు వారాల తర్వాత మళ్ళీ స్కాను తీస్తారు. గుండె మీద ఒత్తిడి దిగొస్తే దిగొస్తుంది. రాకపోతే అప్పుడు గొట్టం తప్పదు.

"ఇదంతా ఆ ముప్ఫై మూడు రోజుల వల్లేనా?" అని అడిగాను. "చెప్పలేమమ్మా. ఊపిరితిత్తులు ముందే బాగాలేవు. ఎంత దీనివల్ల, ఎంత దానివల్ల అన్నది ఎవరూ విడదీయలేరు" అన్నారు. మీరు ఆ మాట పట్టుకుని ఊరట పడకండి. నాకైతే ఊరట లేదు.

ఆయన మీ ఉత్తరం చదివి లారీలోకి వెళ్ళి కూర్చున్నారు.

మీరు వినపడింది అని రాసిన చీటీ నా సంచిలోనే ఉంది. చింపుదామని తీశాను. చింపలేదు.

నాలుగు రోజులుగా మీ మీద కోపంతో ఈ ఉత్తరం రాయలేదు. ఇప్పుడు కూర్చున్నాక ఇంకో సంగతి రాయక తప్పడం లేదు. మీరు పుస్తకంలో అబద్ధం రాయలేదు కదా. నేను ఉత్తరంలో రాశాను. పంపు ప్రశ్న డాక్టరమ్మని నేను అడగనే లేదు. అంత పెద్దావిడ ముందు మా నాన్న వాల్వు సంగతి ఎలా చెప్పను, నవ్వుతారని సిగ్గుపడ్డాను. సిస్టరమ్మ ఒక్కదానికే చెప్పి నవ్వించాను. అడిగి ఉంటే అర నిమిషంలో వద్దు అని చెప్పేవారు. ఆ వద్దు మీకు అందేది.

ఇంక రాయలేను. కొన్నాళ్ళు నన్ను ఉత్తరాలు అడక్కండి.


పంపుహౌస్ వెనక వీధి,
సోమవారం

అమ్మాయికి,

మీరు అని రాశావు. చదివా. అది నీ హక్కు.

అడక్కపోవడం నీ తప్పు కాదు. మీ నాన్న నీ చిన్నప్పట్నుంచి ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆ సిగ్గు నా దగ్గర్నుంచే వచ్చింది నీకు. వాల్వు ముట్టుకున్నది మాత్రం నా చెయ్యి. నువ్వు దాన్ని పంచుకోకు.

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళా. కొత్త ఆపరేటరు తీసుకెళ్ళాడు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమదానికి మిషను పెడితే కొంత రావచ్చన్నారు. పెట్టించుకుంటా. అది పెట్టుకున్నా బాబుని ఒంటరిగా నా దగ్గర వదలకు. అడగను కూడా.

పొద్దున ఎనిమిదయితే చెయ్యి లేస్తుంది. తిప్పడానికి ఏమీ లేదు. గాలిపెట్టె ఆపేసి ఉంది. దాని పక్కనే కూర్చుంటున్నా. మూడు వారాలంటే ఇరవై ఒక్క రోజులు. ఇక్కడ కూర్చుని నేను చెయ్యగలిగింది ఒక్కటీ లేదు. పంపు పాడైతే విప్పి చూసేవాణ్ణి.

ఉత్తరం అడక్కు అన్నావు. అడగను. దీంతో ఇరవై ఒక్క పోస్టుకార్డులు పంపుతున్నా. అన్నింటి మీదా మన చిరునామా నేనే రాశా, వంకరగా ఉంటే ఏమనుకోకు. వెనక వైపు ఖాళీ. నాన్నా అని రాయక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. రోజూ పొద్దున క్లిప్పు చూపించే అంకె ఒక్కటి వెయ్యి. కొత్త పుస్తకం గీతలు కొట్టి పెట్టుకున్నా. వచ్చిన అంకె వచ్చినట్టు ఎక్కిస్తా, దేన్నీ ముట్టుకోను.

తొంభై నాలుగైనా, ఎంతైనా సరే. మొదటి కార్డు ఇది అందిన రోజే వెయ్యమ్మా.

నాన్న